తంబిట్టు దీపం మోసిన మా పెద్దమ్మ

మూకండపల్లిలో నేను పనిచేసే ఫ్యాక్టరీలో ప్రతి ఏడూ తల్లుల దినం జరుపుతారు. క్యాంటీన్లో బెలూన్లు కట్టి, కేకు కోసి, పిల్లలున్న ఆడవాళ్ళందరికీ తలా ఒక గులాబీ ఇస్తారు. హోసూరులో గులాబీలకేమి కొదవ? మొన్న మే నెలలో పువ్వులు పంచుతున్న ఆఫీసరు నా బల్ల దగ్గరికొచ్చి ఆగాడు. నాకు పిల్లలు లేరని అతనికి తెలుసు. ఇవ్వాలా, దాటిపోవాలా అని కాసేపు నసిగి, చివరికి ఒక పువ్వు నా చేతిలో పెట్టి, "మీరూ మా అందరికీ అమ్మలాంటివారే మేడం" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. మిషన్ల మీంచి వచ్చే ప్రతి ముక్కనూ కొలిచి, ఇది పనికొస్తుంది, ఇది రాదు అని తేల్చే ఉద్యోగం నాది. నేను సరే అంటేనే సరుకు గేటు దాటుతుంది. అట్లాంటి మనిషికి ఒక పువ్వు ఇవ్వాలంటే ముందు ఆమెను ఎవరికో ఒకరికి అమ్మను చేయాలా? అతని మీద కోపం లేదు, మర్యాదకే అన్నాడు. పువ్వు తీసుకుని నవ్వాను కూడా. సాయంత్రం బస్సులో కూర్చున్నాక మాత్రం మా పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆమె ముందు నిలబడి ఈ మాట అనే ధైర్యం అతనికి ఉండేదా అనుకున్నాను.

పెద్దమ్మ అంటే మా నాన్నకు అన్నగారి భార్య. మాది గురుబరపల్లి. హోసూరు నుంచి కృష్ణగిరి పోయే హైవేను ఆనుకునే మా పొలాలు. పెద్దమ్మకు పిల్లలు లేరు. ఈ సంగతి మా ఊళ్ళో ఎవరు చెప్పినా గొంతు తగ్గించి చెప్తారు. ఆమె మాత్రం మాకు రెండో బోరు లేదు అన్నంత మామూలుగా చెప్తుంది.

నేను బడికి పోయే రోజుల్లో పెదనాన్న ట్రాక్టరు కొన్నాడు. దానికి పెట్టిన డ్రైవరు పని ఉన్న రోజే కనబడకుండా పోయేవాడు. ఒక పొద్దున పెద్దమ్మ కుచ్చెళ్ళు ఎగదోపి, తలకు తువ్వాలు చుట్టుకుని, ఎక్కి కూర్చుంది. అప్పటిదాకా ఆమె చేసిందల్లా గట్టు మీద నిలబడి డ్రైవరు కాళ్ళనూ చేతులనూ చూడటమే. ఆ పూట చాళ్ళు వంకరటింకరగా వచ్చాయి. ఆ వారం లోపలే డ్రైవరు మాకు అక్కర లేకుండా పోయాడు.

ట్రాక్టరును ముందుకు ఎవరైనా తోలతారు. వెనక ట్రైలరు తగిలించి, దాన్ని వెనక్కి తోలడంలో ఉంటుంది అసలు సంగతి. స్టీరింగు ఇటు తిప్పితే ట్రైలరు అటు పోతుంది. మామిడికాయల కాలంలో కృష్ణగిరి మండీలో లోడు బళ్ళ మధ్య ఇరుక్కుని, చెమటలు కక్కుతూ కిందికి దిగిన మగవాళ్ళు, "అమ్మా, కొంచెం వెనక్కి పెట్టిస్తారా" అని ఆమెను బతిమాలడం నా కళ్ళతో చూశాను. పెద్దమ్మ ఒకసారి వెనక్కి చూసేది, అంతే. బండి తన చోటులోకి తాను పోయి నిలబడేది. దిగి వచ్చి దళారితో అరవంలో ఒక దెబ్బ, మాలూరు వ్యాపారితో కన్నడంలో ఒక దెబ్బ వేసి, ఇద్దరినీ నవ్వించి, తన ధర తాను తెచ్చుకునేది.

పిల్లల్లేని ఆడమనిషి గురించి చెప్పేవాళ్ళు చివరికి ఆమె ఊరి పిల్లలందరినీ కన్నబిడ్డల్లా చూసుకుందని ముగిస్తారు. మా పెద్దమ్మ అట్లా ఎవరినీ చూసుకోలేదు. నాకు జడ వేయలేదు, ముద్దలు కలిపి పెట్టలేదు. ఆ పనులు చేయడానికి మా అమ్మ ఉంది, బాగానే చేసింది. నేను అలిగి అన్నం తినకపోతే, "ఆకలైతే తింటావులే పాపా" అని పెద్దమ్మ బోరు దగ్గరికి పోయేది. అయినా వీధి చివర ఆమె ట్రాక్టరు చప్పుడు వినబడితే నేను పుస్తకం మూసి పరిగెత్తేదాన్ని. దేవుడి ఊరేగింపుకు కూడా అంత పరుగు తీసి ఎరగను.

అట్లాంటి మనిషి ఏడాదికి ఒక్కరోజు ఇంట్లో కూర్చునేది. అది మారెమ్మ పండగ.

ఆషాఢంలో వస్తుంది ఆ పండగ. వేయించిన బియ్యప్పిండిలో బెల్లం, పుట్నాల పొడి, నెయ్యి కలిపి తంబిట్టు చేస్తారు. ఆ ముద్దను గోపురంగా మలిచి, పైన గుంట చేసి, నెయ్యి పోసి వత్తి వెలిగిస్తారు. చుట్టూ పూలు కట్టి, పళ్ళెంలో పెట్టి, నెత్తిన మోసుకుని గుడికి పోతారు. ఇంటికి ఒక దీపం. దాన్ని ఆ ఇంటి కోడళ్ళలో పిల్లల తల్లే మోయాలి. గుడి చేరేలోపల దీపం కొండెక్కకూడదు. ఆరిపోయిందంటే మోసిన మనిషిలోనే ఏదో దోషం ఉందని లెక్క.

మా ఇంటికి పెద్దకోడలు పెద్దమ్మే. దీపం చేసేదీ, దాన్ని గడప దగ్గర మా అమ్మ నెత్తిన పెట్టేదీ ఆమే. తప్పెట్లు వీధి మలుపు తిరగగానే తలుపు దగ్గరగా వేసుకుని లోపల కూర్చునేది. "ఇల్లు చూసుకోను ఒగరుండాల గదా" అనేది. దొంగలు ఎత్తుకుపోయేంత సొత్తు ఆ ఇంట్లో ఏనాడూ లేదు. అమ్మ తిరిగి రాగానే, "బాగా ఎలిగిందా మే?" అని అడిగేది. "అఖండంగా ఎలిగిందక్కా" అని అమ్మ చెప్పేది. ప్రతి ఏడూ ఇదే ప్రశ్న, ఇదే జవాబు.

ఈ ఏడు అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. ఇంట్లోనే వాకరు పట్టుకుని నడుస్తోంది. నా తమ్ముడి భార్యకు ఇద్దరు పిల్లలు, ఆమె మోయాలని అనుకున్నారు. పండగ పొద్దున్నే ఆ పిల్లకు నెలసరి వచ్చింది. ఇక పండగకు వచ్చిన నేనంటారా, పెళ్ళయి వెళ్ళిపోయిన ఆడబిడ్డను, పైగా పిల్లల్లేనిదాన్ని. రెండు విధాలా లెక్కలోకి రాను.

ఎదురింటి అవ్వ వచ్చి కూర్చుంది. మా వీధిలో ఆచారాలన్నీ ఆమె నోటి మీదుగానే నడుస్తాయి. "ఈ ఏడు మీ దీపం వద్దులేమ్మా. రూపాయి ముడుపు కట్టి పెట్టండి, మారెమ్మ తప్పు పట్టదు" అంది. పెదనాన్న వాసాలు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తూ కూర్చున్నాడు. దీపానికి పూలు చుడుతున్న పెద్దమ్మ దారం పంటితో కొరికి, "నేను మోస్తా" అంది.

అవ్వ దీపం వైపు వేలు చూపింది. "కొండెక్కితే ఎట్లమ్మా? ఊరు ఊరికే ఉంటాదా?"

"ఊరు ఊరికే ఎప్పుడుండె అత్తా?" అంది పెద్దమ్మ.

మంచం మీదున్న అమ్మ ఏదైనా అంటుందని అటు చూశాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

నేనే ఆ దీపాన్ని ఎత్తి పెద్దమ్మ నెత్తిన పెట్టాను. ఆ దీపం ఆరితే గాలికి ఆరిందని ఎవరూ అనరని నాకు తెలుసు. గొడ్రాలు మోసింది గనక ఆరింది అంటారు. ఇన్నేళ్ళు ఎండలో బండి తోలి, మండీలో నిలబడి ఆమె సంపాదించుకున్న మర్యాదంతా ఆ ఒక్క మాటతో కొట్టుకుపోతుంది. పైగా ఆరోజు గాలి చెట్లను వంచేస్తోంది.

మారెమ్మ గుడి హైవేకు అవతల ఉంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఊరు ఇటూ గుడి అటూ అయిపోయాయి. పొద్దు వాలే వేళకు తప్పెట్లు ముందు, దీపాల వరస వెనక, రోడ్డు దగ్గరికి చేరాం. తక్కిన ఆడవాళ్ళు ఒక చేత్తో పళ్ళెం పట్టుకుని నడుస్తున్నారు. పెద్దమ్మ రెండు చేతులూ వదిలేసింది. ఆమె మెడ కదలడం లేదు. నేను పక్కనే నడుస్తూ, మంటను చూడాలో, కింద రాళ్ళను చూడాలో తెలియక అవస్థ పడ్డాను.

మగవాళ్ళు ఎర్ర తువ్వాళ్ళు ఊపి ఇటువైపు బళ్ళను ఆపారు. రోడ్డు సగం దాటి నడిమి గట్టు మీదికి వచ్చాం. అవతలివైపు ఒక కంటైనర్ లారీ ఆగకుండా దూసుకుపోయింది. దాని గాలి మా మొహాల మీద కొట్టింది. నేను కళ్ళు తెరిచి చూసేసరికి పెద్దమ్మ దీపం మీద పొగ లేస్తోంది.

ఆమెది ఒక్కటే కాదు. మా ముందు, మా వెనక, చాలా దీపాలు ఆరిపోయాయి. ఆ తర్వాత జరిగింది నేను అంత దగ్గరి నుంచి ఎన్నడూ చూడలేదు. ఆడవాళ్ళు గుంపుగా దగ్గరికి జరిగారు. కొంగులు అడ్డం లేచాయి. వెలుగుతున్న దీపం నుంచి ఆరినదానికి మంట చేరింది, దాన్నుంచి ఇంకోదానికి. ఒక్క మాట లేదు, తొట్రుపాటు లేదు. ఎన్నో ఏళ్ళ అలవాటు ఆ చేతుల్లో కనిపించింది. ఎదురింటి అవ్వ తన కోడలి దీపాన్ని తానే అంటించింది. అంటించి, తిరిగి, పెద్దమ్మ దీపం వైపు చూసింది. అందరూ చూశారు.

"అవ్వా, మీదీ ఆరింది గదా" అని అరవడానికి నోరు తెరిచాను. పెద్దమ్మ తల తిప్పకుండానే, "నోరు మూసుకో పాపా" అంది. వెనకున్న ఒక చిన్నకోడలు జాలిపడి తన దీపాన్ని దగ్గరికి తెచ్చి, "అంటించుకోండత్తా, ఎవురూ చూళ్ళేదు" అని గుసగుసగా అంది.

"చూసినారులే. నువ్వు పద" అంది పెద్దమ్మ.

అని, ఆరిన దీపంతోనే నడిచింది.

హైవే దాటి గుడిదాకా దారికి రెండువైపులా జనం. ఒక్కో దీపం వస్తుంటే చేతులు జోడిస్తున్నారు. పెద్దమ్మ వచ్చేసరికి ఆ చేతులు ఆగిపోయాయి. ఎవరో "అయ్యో" అన్నారు. ఎవరో ఎవరి చెవిలోనో ఏదో చెప్పారు. ఆమె నడక పెరగలేదు, తగ్గలేదు. తల వంచలేదు. వంచితే దీపం పడిపోతుంది, నిజమే. కానీ నేను చూసింది అది కాదు. దాచుకునే వీలుండి, సాయం చేసే చేయి పక్కనే ఉండి, వద్దని, ఊరంతా చూస్తుండగా ఆరిన దీపాన్ని నెత్తిన పెట్టుకుని నడిచిన మనిషిని చూశాను. ఆమె పక్కన నడిచే అర్హత నాకు లేదనిపించి ఒక అడుగు వెనక్కి తగ్గాను. గుళ్ళో ఉన్న మారెమ్మను చూసినప్పుడు కూడా నాకు అంత భయభక్తులు కలగలేదు. ఇది దైవదూషణ అయితే కానీండి.

గర్భగుడి ముందు పూజారి పళ్ళెం వైపు చూశాడు. "గాలికి ఆరిందప్పా. ఎలిగించు" అంది పెద్దమ్మ. పూజారి అమ్మవారి ముందున్న దీపంలో ఒక వత్తి ముంచి తంబిట్టు మీద వెలిగించాడు. "ముందుకు పోమ్మా, వెనక చానామంది ఉండారు" అన్నాడు. అంతే. ఆకాశమేమీ విరిగి పడలేదు.

మేం ఇల్లు చేరేసరికి అమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది. పెద్దమ్మ పళ్ళెం ఆమె ముందు దించి, చెమట తుడుచుకుంది.

"రోడ్డు కాడ ఆరిపోయింది మే. నీ మాదిరి తీసుకపోలేకపోతిని."

అమ్మ తల ఎత్తలేదు. "నాకూ ఆరేదక్కా" అంది.

"ఎప్పుడు?"

"ఏటేటా. ఆ రోడ్డు కాడనే. పక్కనామె దాంట్లో అంటించుకుని పోతా ఉంటి. అందురూ అంతే."

పెద్దమ్మ చేతిలోని కొంగు అట్లాగే ఆగిపోయింది. "మరి అఖండంగా ఎలిగిందని చెప్తా ఉంటివే? నేను ఈడ కూచుని, బిడ్డల తల్లి మోస్తే ఆరదు కాబోలనుకుంటి గదా, ఇన్నేండ్లూ?"

"తెలిస్తే నువ్వూ మోస్తానందువు." అమ్మ పళ్ళెం అంచు సవరించింది. "నీకు బండి వచ్చు. మండీకి పోతే మగోళ్ళు లేచి దావ ఇస్తారు. ఈ ఇంటికి ఎవురొచ్చినా నీ పేరే అడుగుతారు. నా పేరు ఎవురడిగినారక్కా? ఏడాదికి ఒగసారి ఆ దీపమొగటే గదా నాకుండింది."

నేను ఇన్నాళ్ళూ పెద్దమ్మను చూసి ఆశ్చర్యపోయేది నేనొక్కదాన్నే అనుకున్నాను. మా అమ్మ నాకంటే ముందు నుంచి, నాకంటే ఎక్కువగా చూస్తూ ఉంది. చూసి లోలోపల కుములుతూ ఉంది. పిల్లల్లేని ఆమెను ఊరు జాలిగా చూస్తుంటే, పిల్లలున్న మా అమ్మ ఆమె ముందు తననొక చిన్నమనిషిగా లెక్కవేసుకుంటూ బతికింది.

పెద్దమ్మ అమ్మ మొహంలోకి చూసింది. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడే హక్కు ఆమెకు ఉంది. ఆమె వచ్చి మంచం మీద అమ్మ పక్కన కూర్చుంది.

"నీ కాలు బాగుగానీ. వచ్చే ఏడు రెండు దీపాలు చేస్తా. ఇద్దురం పోదాం."

"ఇంటికి ఒగటే గదక్కా ఆచారం?" అంది అమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

"మనింట్లో బియ్యానికేమన్నా కరువా?" అని, పెద్దమ్మ తంబిట్టును రెండుగా విరిచి, పెద్దముక్క అమ్మ చేతిలో పెట్టింది.