చెయ్యి అందని చోటు

మా స్నానాలశాలలో మగవాళ్లకీ ఆడవాళ్లకీ మధ్య ఒక గోడ ఉంది. ఆ గోడ చివర ఎత్తు పీట మీద కూర్చుని రెండువైపులా డబ్బులు పుచ్చుకునేదాన్ని నేనే. అందుకే మా అసకుసా పేట వెనక సందుల్లో ఎవరి వీపు ఎలాంటిదో, ఎవరి నోరు ఎలాంటిదో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

తొమెకిచి తాత చెక్క చెప్పులకి పట్టీలు వేసేవాడు. పెళ్లాం యుద్ధంలో పోయింది. మిగిలిన ఒక్క నేస్తం, గొడుగులు చేసే యసొహచి, మొన్న చలికాలంలో పోయాడు. ఇద్దరూ సాయంత్రం పూట ఒకరి వీపు ఒకరు రుద్దుకుని, తనివితీరా తిట్టుకుని ఇళ్లకి పోయేవాళ్లు. ఇప్పుడు తాత తువ్వాలు మెలితిప్పి వీపు మీంచి అటూ ఇటూ లాగుతూ తంటాలు పడుతున్నాడు. రుద్దమని నోరు తెరిచి అడగడం మాలో లేదు. ముందు మనం పక్కవాడి వీపు రుద్దాలి, తర్వాత వాడే మన వెనక చేరి మన వీపు రుద్దాలి. అదీ మర్యాద.

అప్పుడే మా వీధి హాల్లోకి ఒక సినిమా దిగింది. నా అన్నవాళ్లు లేని ఒక ముసలాయన కథ. వీధి వీధంతా చూసి ముక్కు చీదుకుంటూ బయటికొచ్చింది. చూపు ఆనదు కదా అని తాతని మాత్రం ఎవరూ తీసుకెళ్లలేదు.

మర్నాడు స్నానాలశాలలో జాలి పొంగి పొర్లింది. వీధి పెద్ద, సారా కొట్టు కాన్బే, ఒళ్లంతా సబ్బు నురగతో ఉపన్యాసం అందుకున్నాడు.

"ఇకమీదట మన వీధిలో ఏ ముసలాళ్లూ ఒంటరిగా ఉండడానికి వీల్లేదు! దీనికో సంఘం పెట్టాల్సిందే!"

"అధ్యక్షుడివి నువ్వే బావా," అన్నాడు చేపల కొట్టు తొరామసు.

తాత చప్పుడు చెయ్యకుండా కాన్బే వెనక చేరి వీపు రుద్దడం మొదలుపెట్టాడు.

"ఆ, అక్కడే తాతా! ఇంకాస్త కింద... ఆ ముసలాయన ఒక్కడే కూర్చుని అన్నం తింటుంటే నా కడుపు తరుక్కుపోయిందనుకోండి!"

కాన్బే కళ్లు తుడుచుకున్నాడు, లేచాడు, వేడినీళ్ల తొట్టిలోకి దిగిపోయాడు. తాత తొరామసు వెనక్కి జరిగాడు. అతనూ రుద్దించుకున్నంతసేపు రుద్దించుకుని తొట్టిలోకే పోయాడు. తాత తువ్వాలు పిండి మెడలో వేసుకుని బయల్దేరబోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"కాన్బే గారూ! సంఘం తర్వాత పెడుదురు గానీ, ముందు ఆ పెద్దాయన వీపు రుద్దండి!"

"తాత అడగలేదు కదా, షిగే అక్కా!"

"సినిమాలో ముసలాయన అడిగాడా మిమ్మల్ని, అంతలా ఏడవమని?"

గోడ అవతలి నుంచి ఆడవాళ్లు ఘొల్లున నవ్వారు. వాళ్లలోంచి కాన్బే పెళ్లాం గొంతు లేచింది. "రుద్దండి! లేకపోతే ఇవాళ మీరూ ఒక్కరే కూర్చుని తినాలి!"

కాన్బే ఉడికిన ఎండ్రకాయలా ఎర్రబడి బయటికొచ్చాడు. తాతని కూర్చోబెట్టి రుద్దుతూనే సంఘం నియమాలు ఏకరువు పెట్టాడు. కాసేపటికి తాత మెడలో తువ్వాలు మొహానికి కప్పుకున్నాడు, భుజాలు వణకడం మొదలైంది.

"చూశారా, తాతకీ ఆ సినిమా గుర్తొచ్చింది!"

"నేను ఏ సినిమా చూడలేదు బాబూ," అన్నాడు తాత, మొహం మీద తువ్వాలు తియ్యకుండానే. "నువ్వు కాసేపు మాట్లాడకుండా రుద్దు."