అడిగింది తూములు, రాసింది ఆర్చి

ఊళ్ళో పెద్దమనుషులంటే జానీబీకి గౌరవం ఎప్పుడూ లేదు. ఇరవయ్యేళ్ళు వాళ్ళ చేలల్లో మిరపకాయలు కోసిన మనిషికి ఎలా ఉంటుంది? ఇస్త్రీ చొక్కా వేసుకుని రచ్చ మీద న్యాయం చెప్పేవాడు, ఎండలో కోతకు వంగిన ఆడవాళ్ళకు రెండో బిందె నీళ్ళు తెప్పించడానికి ఎంత గొణుగుతాడో ఆమె చూసింది. భర్త ఖాజావలి సత్తెనపల్లిలో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు ఇంట్లో ఎవరికీ తెలియకుండా జానీబీ పూడ్చింది. పాతికమంది ఆడవాళ్ళ కోత ముఠాకు ఆమే మేస్త్రీ.

2001 ఎన్నికల్లో ఐదో వార్డు బీసీ మహిళకు రిజర్వు అయింది. ప్రెసిడెంటుగా నిలబడుతున్న బుల్లయ్య నామినేషన్ కాగితం పట్టుకుని స్వయంగా ఆమె గుమ్మంలోకి వచ్చాడు.

"నువ్వే నిలబడాల జానీబీ. పోటీ లేకుండా చూస్తాగా. పెద్ద పనేం ఉండదు. రెణ్ణెల్లకోసారి బంట్రోతు పుస్తకం తెస్తాడు, వేలిముద్ర వెయ్యి, చాలు" అన్నాడు.

జానీబీ ఏడో తరగతి దాకా చదివింది. ఆ సంగతి బుల్లయ్యకు తెలియదు. ఇరవయ్యేళ్ళు తన చేలో పని చేసిన మనిషి చదవగలదో లేదో కనుక్కోవాలని అతనికి తోచలేదు. ఆమె కూడా చెప్పలేదు.

ఇద్దరూ గెలిచాక రెండు నెలలకు బంట్రోతు వీరబాబు పంచాయతీ తీర్మానాల పుస్తకం తెచ్చాడు. పేజీలో ఎక్కడ వేలు పెట్టాలో పెన్సిల్‌తో గుర్తు కూడా పెట్టి ఉంది. జానీబీ చెయ్యి తుడుచుకుని, పుస్తకం మోకాళ్ళ మీద పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. వీరబాబు నోరు వెళ్ళబెట్టాడు.

అసలు జరగని మీటింగు అందులో వివరంగా జరిగింది. "గ్రామ ముఖద్వారము వద్ద స్వర్గీయ ప్రెసిడెంటుగారి తండ్రిగారి పేరిట ఆర్చి నిర్మించవలెనని ఐదవ వార్డు సభ్యురాలు శ్రీమతి జానీబీ గారు ప్రతిపాదించగా సభ్యులందరు ఏకగ్రీవముగా ఆమోదించిరి" అని ఉంది. రాసినవాడి తొందరలో, బతికున్న ప్రెసిడెంటు కూడా స్వర్గీయుడైపోయాడు.

ఆమెకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఐదో వార్డు కోరిక ఒక్కటే. చేలకు పోయే డొంకలో వాగుకు తూములు వేసి పైన రోడ్డు పోయాలి. ఇప్పుడైతే వానాకాలంలో మొలలోతు నీళ్ళలో దిగి పోవాల్సి వస్తోంది. కిందటేడు భాద్రపదంలో ముఠాలోని కోటేశ్వరి గడ్డిమోపుతో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఇప్పటికీ కుంటుతూనే కోతకు వస్తుంది.

"పుస్తకం తీసుకుపో వీరబాబూ. నేను చెప్పని మాటకి నేను సంతకం పెట్టను" అంది.

పదిరోజులకు బడి వరండాలో గ్రామసభ పెట్టారు. మండలం నుంచి జీపులో ఒక ఆఫీసరు వచ్చాడు. కుర్చీలో కూర్చోగానే ఆయన చేతికి కూల్ డ్రింకు ఇచ్చారు. "ఇది మీ సభ. మీ సమస్యలు మీరే చెప్పాలి, మీ ఊరి ప్రణాళిక మీరే తయారు చేసుకోవాలి" అని చదివినట్టు చెప్పి వాచీ చూసుకున్నాడు. ఊరు తయారు చేసుకోవలసిన ప్రణాళికను కార్యదర్శి బాలస్వామి ముందురోజే తయారు చేసి, టైపు కొట్టించి, తీర్మానాల పుస్తకంతో పాటు చంకలో పెట్టుకుని వచ్చాడు.

జానీబీ లేచింది. "అయ్యా, ఆ పుస్తకంలో ఏముందో ఒకసారి అందరికీ చదివి వినిపించండి."

"అదంతా ఆఫీసు భాషమ్మా, మీకు అర్థం కాదు" అన్నాడు బాలస్వామి.

"అర్థం కాని భాషలో నాచేత ఎట్టా మాట్లాడించావయ్యా?"

పుస్తకం అతని చేతిలోంచి తీసుకుని తనే పైకి చదివింది. "శ్రీమతి జానీబీ గారు ప్రతిపాదించగా" అనేసరికి ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు లేచింది. ప్రెసిడెంటుగారు స్వర్గీయుడయ్యే చోట మగవాళ్ళు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. బుల్లయ్య మొహం పండు మిరపకాయలా అయింది.

"ఆర్చి కావాలన్నోళ్ళు చేతులెత్తండి" అంది జానీబీ. బుల్లయ్య బావమరిది ఒక్కడు చెయ్యెత్తి, చుట్టూ చూసి, తల గోక్కుంటున్నట్టు దింపేశాడు.

"వాగుకి తూములు కావాలన్నోళ్ళు?" వరండా నిండా చేతులు లేచాయి. కోటేశ్వరి రెండూ ఎత్తింది.

అదే పేజీ కింద జానీబీ తన చేత్తో రాసింది: "ఆర్చి మేము అడగలేదు. తూములు అడిగాము."

ఆఫీసరు కంగారుపడ్డాడు. "అట్లా ఎవరుపడితే వాళ్ళు రాయకూడదమ్మా."

"మేం అననిది మీరు రాయొచ్చు, అన్నది మేం రాయకూడదా?"

వేలిముద్రలకు స్టాంపు ప్యాడు అడిగితే ఎండిపోయిందన్నాడు బాలస్వామి. అరగంట క్రితం తడిగానే ఉంది. జానీబీ బాల్‌పెన్ను రీఫిలు విరిచి, ఆ సిరా ముందు తన ముఠా ఆడవాళ్ళ బొటనవేళ్ళకు, తర్వాత చేతులెత్తిన మిగతావాళ్ళ వేళ్ళకు పూసింది. అరవైమూడు ముద్రలు పడ్డాయి. ఆఫీసరు కూల్ డ్రింకు సగంలో వదిలి జీపెక్కాడు.

ఆ సీజనులో బుల్లయ్య, అతని బంధువులు జానీబీ ముఠాను కోతలకు పిలవలేదు. ఆమె పాతికమందినీ వెంటేసుకుని పక్క ఊరి చేలకు పోయింది. ఫిబ్రవరిలో కాయ పండి రాలిపోతుంటే బుల్లయ్య బావమరిది మోటారు సైకిలు మీద వచ్చి బతిమాలాడు. "సభలో ఎత్తావే, ఆ చెయ్యి ఏమైంది? దాంతో కోసుకో" అంది జానీబీ. పక్క ఊరి కోత మొత్తం అయ్యాకే వెనక్కి వచ్చింది.

ఆర్చి మాత్రం ఆగలేదు. ఇంకేదో పద్దు కింద కట్టేశారు. సిమెంటులో చెక్కిన పేర్ల వరసలో, "సహకరించినవారు" అన్న మాట కింద ఐదోది ఆమె పేరే. అది చూసి జానీబీ తాపీమేస్త్రీ తట్టలో మిగిలిన సిమెంటు గుప్పెడు తీసి తన పేరు మీద మెత్తి, అరచేత్తో నున్నగా పామింది.

"మర్యాదకి పెట్టించాను గదే!" అని అరిచాడు బుల్లయ్య.

"ఆ మర్యాదేదో మీ నాన్నకే చేసుకోండి. నాకొద్దు."

వీరబాబు మళ్ళీ సంతకాలకు పుస్తకం తెచ్చినప్పుడు ఆ పేజీని జిరాక్సు తీయించుకుని గుంటూరు వెళ్ళింది. కలెక్టరాఫీసులో సోమవారం సోమవారం అర్జీలు తీసుకునే చోట వరసలో నిలబడింది. మొదటి వారం గుమాస్తా కాగితం తిరగేసి "ఇవేం మరకలు?" అన్నాడు. "మనుషులు బాబూ, అరవైమూడుమంది" అంది. నాలుగో సోమవారానికి ఒక ఇంజనీరును పంపుతామన్నారు. పంపారు కూడా. అతను వాగు దగ్గర ప్యాంటు మడిచి, నాలుగు తూములు కావాలని లెక్క వేశాడు. 2003 వేసవిలో రెండు వచ్చాయి. మిగతా రెండూ ఎక్కడ ఆగాయో ఎవరూ చెప్పలేదు. రెంటినే వేశారు. ప్రారంభం రోజున ఈ తూములు తన కృషి ఫలితమని బుల్లయ్య ఇరవై నిమిషాలు మాట్లాడాడు. జానీబీ మొదటి వరసలో కూర్చుని తమలపాకులు నములుతూ అతని మొహంలోకే చూస్తూ ఉంది. అతను ఒక్కసారి కూడా ఆ వైపు తిరగలేదు.

ఆ వానాకాలం వాగు రోడ్డు మీదుగా పొర్లింది. కానీ మొలలోతు లేదు, పిక్కలదాకే. ఆడవాళ్ళు మోపులు దించకుండా దాటారు.

2006లో వార్డు జనరల్ అయింది. జానీబీ మళ్ళీ నిలబడింది. ఈసారి ఆమెకు నామినేషన్ కాగితం ఎవరూ ఇంటికి తేలేదు. పంతొమ్మిది ఓట్లతో ఓడిపోయింది. వేలిముద్ర వేసినవాళ్ళలో కూడా కొందరు తనకు ఓటు వేయలేదని ఆమెకు తెలుసు. నాలుగు రోజులు గుమ్మం దాటి బయటికి రాలేదు. ఐదో రోజు కోటేశ్వరి వచ్చి "అక్కా, రేపు గ్రామసభంట, వస్తావా?" అంటే చీర మార్చుకుంది.

కొత్త కార్యదర్శి ఆమె వరండా ఎక్కడం చూశాడు. ఎవరూ అడగకుండానే పుస్తకం తెరిచి, మొదటి తీర్మానం నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.