చూపు తిప్పితే మాల్‌ప్రాక్టీస్

మా నాన్న భీమిలి దగ్గర చేపల వేటకు వెళ్ళే మనిషి. కళ్ళు మండితే ఆయనకు తెలిసిన మందు ఒకటే, సముద్రం కేసి చూడటం. నేను ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో ఉన్నప్పుడు క్లాసు, ల్యాబు, అసైన్‌మెంటు అన్నీ ల్యాప్‌టాప్ మీదే. సాయంత్రానికి అక్షరాలు రెండేసిగా కనబడేవి. ఇసుక పడ్డట్టు కళ్ళు గరగరలాడేవి.

"అస్తమానూ ఆ డబ్బాలోకే సూత్తన్నావేటమ్మా? కాసేపు దూరం సూడు," అనేవాడు నాన్న.

కళ్ళ డాక్టరమ్మ కూడా అదే చెప్పింది. మధ్యమధ్యలో తలెత్తి దూరంగా చూడమని చీటీ మీద రాసిచ్చింది. ఇక అప్పట్నుంచి ఇంట్లో కిటికీ పక్కనే కూర్చుని చదవడం, కళ్ళు మండినప్పుడల్లా బోట్ల వైపు చూడటం అలవాటు చేసుకున్నాను.

ఆ అలవాటే నా కొంప ముంచింది. సెమిస్టర్‌లో ఒక పరీక్ష ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో రాయమన్నారు. కెమెరా మన ముఖాన్నే చూస్తూ ఉంటుంది. చూపు మూడుసార్లు తెర మీంచి తప్పితే కాపీ కొట్టినట్టే లెక్క. ఆ సంగతి నాకు తెలుసు. అయినా కళ్ళు మండగానే తల దానంతట అదే సముద్రం వైపు తిరిగింది. ఒకటో వార్నింగ్. కళ్ళు మూసుకుని నలుపుకున్నాను, రెండోది. కారిన నీళ్ళు తుడుచుకున్నాను, అంతే. సగం ప్రశ్నలు మిగిలుండగానే తెర మీద 'మాల్‌ప్రాక్టీస్' అని పడింది. ఒళ్ళు మండిపోయింది. అలల మీద నాకోసం ఎవడైనా జవాబులు రాసిపెట్టాడా?

మర్నాడు నాన్న వేట మానుకుని నాతో కాలేజీకి వచ్చాడు. డాక్టరమ్మ చీటీ మా బ్రాంచి హెచ్ఓడీ గారి ముందు పెట్టాను. ఆయన దాన్ని ముట్టుకోనైనా లేదు.

"స్కాన్ చేసి పోర్టల్‌లో పెట్టమ్మా. సిస్టం పట్టుకున్నాక మేం చేసేదేం ఉండదు. సప్లీ రాసుకో."

"బాబూ, సముద్రం కేసి సూడమన్నది నానే. తప్పు నాది," అన్నాడు నాన్న, చేతులు కట్టుకుని.

పెద్ద పెద్ద వలలు లాగే ఆ చేతుల్ని అలా చూసేసరికి నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. హెచ్ఓడీ గారు తన కంప్యూటర్ వైపు తిరిగారు. కాసేపటికి కళ్ళజోడు తీసి, కళ్ళు మూసుకుని, రెండు వేళ్ళతో నలుపుకున్నారు.

"ఒకటో వార్నింగ్, సార్," అన్నాను.

ఆయన గబుక్కున కళ్ళు తెరిచారు. సప్లీ ఎలాగూ తప్పలేదు. పక్కన నాన్న మాత్రం కట్టుకున్న చేతులు విప్పేశాడు.