వాసుదేవరావుగారు ప్రెస్ కొన్న వైనం

వాసుదేవరావుగారికి ఏ వస్తువూ నచ్చదని కాదు, అన్నీ నచ్చుతాయి. అదే చిక్కు. దేశం కాని దేశం వచ్చి నేపర్‌విల్‌లో ఇల్లు కొన్నాక టోస్టర్ కోసం బయల్దేరిన ఆయన ఒకటి తేల్చుకునేలోపు పిల్లలు రొట్టె పెనం మీద కాల్చుకోవడానికి అలవాటు పడిపోయారు. చెప్పుల షాపులో ఆయన్ని చూడగానే సేల్స్‌మన్‌లు భోజనానికి వెళ్లిపోయేవారు. పెళ్లిచూపుల్లో తనను ఒక్క చూపుకే ఎలా ఒప్పుకున్నారా అని భార్య నళినికి ఇప్పటికీ ఆశ్చర్యమే.

అలాంటి మనిషి 1982లో, స్నేహితుడు జగన్మోహన్‌తో కలిసి తూటాల ప్రెస్ కొంటానన్నారు. ఇద్దరికీ ఆదివారాలు రేంజ్‌కి వెళ్లి పిస్తోలు కాల్చే సరదా ఉంది. కాల్చేసిన తూటాల ఖాళీ గొట్టాల్లో మళ్లీ మందు పోసి, ఇంట్లోనే ప్రెస్ పిడి లాగి కొత్తవి తయారు చేసుకోవచ్చు. పిండి గ్రైండర్ దగ్గర్నుంచి మంచు తోసే మెషీన్ దాకా రెండిళ్లకీ కలిపి ఒకటే కొనడం వాళ్ల అలవాటు. కాబట్టి ప్రెస్ కూడా ఉమ్మడిదే. ఇద్దరూ సరేనంటే గాని ఇంటికి రాదు.

"ఒక్కో తూటా చేసేది చాలురా. గట్టిగా ఉంటుంది," అనేవారు వాసుదేవరావుగారు.

"అయితే అదే కొను."

"కానీ గబగబా చేసిపెట్టేది ఇంకోటుంది. మంచి స్పీడ్."

"పోనీ అదే కొను."

"స్పీడెందుకురా మనకి, యుద్ధానికి వెళ్తున్నామా?"

ఎర్రది బాగుందనేవారు, మర్నాటికి ఆకుపచ్చది ఇంకా బాగుండేది. ఊళ్లో ఉన్న ప్రతి షాపులో ప్రతి పిడీ లాగి వచ్చారు. ఏడాది దాటింది. చివరికి జగన్మోహన్‌కి ఓపిక నశించింది.

"చెల్లెమ్మా, వీడితో అయ్యే పని కాదు. శనివారం నేనే కొనేస్తా," అన్నాడు నళినితో.

వాసుదేవరావుగారి మొహం పాలిపోయింది. "ఒక్క వారం ఆగరా. ఏ బల్లకి బిగించాలో ఇంకా తేలలేదు," అని బతిమాలుకున్నారు.

అతను వెళ్లాక నళినికి ఒళ్లు మండింది. "ఏమండీ, పాపం ఆయన్నెందుకలా ఏడిపిస్తారు?"

"వాడికి కళ్లు సరిగ్గా ఆనట్లేదు నళినీ," అన్నారాయన మెల్లగా. "మొన్న సాంబారు కంచం పక్కన పోసుకున్నాడు, చూశావుగా. రెండు కళ్లకీ శుక్లాలట. మందు పోసిన గొట్టంలోనే మళ్లీ పోశాడంటే పిస్తోలు చేతిలోనే పేలిపోతుంది. అందుకే రేంజ్‌కి కూడా ఏదో ఒక వంక పెట్టి ఎగ్గొడుతున్నా."

"ఆ మాట చెప్పొచ్చుగా?"

"చెప్పా. కళ్లజోడు మారిస్తే చాలంటాడు. వాళ్లావిడ ఉష కారు తాళాలు లాక్కుందని ఇప్పటికే అలిగి ఉన్నాడు. ఆపరేషన్‌కి వాణ్ణి ఆవిడ ఒప్పించేదాకా నాకేదీ తేలదు. నా సంగతి తెలిసిందేగా, ఎవరికీ అనుమానం రాదు."

ఆ వారమే నళిని కూడా రంగంలోకి దిగింది. "అన్నయ్యగారూ, నీలం రంగుదైతే మా బేస్‌మెంట్ గోడలకి అస్సలు నప్పదండీ," అంది. జగన్మోహన్ తల పట్టుకున్నాడు.

ఉష పోరగా పోరగా వసంతకాలానికి ఒక కంటికీ, వేసవికి రెండో కంటికీ ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక జగన్మోహన్ స్నేహితుణ్ణి ఎగాదిగా చూసి, "ఏరా, ఎప్పుడింత ముసలాడివైపోయావు?" అన్నాడు. ఆ మాటకి వాసుదేవరావుగారికి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. డాక్టర్ సరేనన్న రోజున షాపుకు వెళ్లి, కారు పార్క్ చేసినంత సేపు కూడా పట్టకుండా, ఒక్కో తూటా చేసే ప్రెస్ కొనుక్కొచ్చారు.

బేస్‌మెంట్‌లో దీపం కింద జగన్మోహన్ ఒక్కో గొట్టంలోకీ తొంగి చూశాడు. "మందు అన్నిట్లో సమంగా పడిందిరా. ఇదిగో, దీంట్లో రవ్వంత తక్కువ."

వాసుదేవరావుగారు చూశారు. నిజంగానే రవ్వంత తక్కువ. ఆయన నిశ్చింతగా మెట్టు మీద కూర్చున్నారు.

"ఇంత చిన్నదానికి ఇన్నాళ్లు నా బుర్ర తిన్నావు. నీ అంత చేతకానివాణ్ణి నేనెక్కడా చూళ్లేదు," అన్నాడు జగన్మోహన్.

పక్కనే ఉన్న నళిని నోరు తెరవబోయింది. భర్త వద్దన్నట్టు తలూపారు.

"నిజమేరా," అన్నారు హాయిగా నవ్వుతూ. "ఆ ఆకుపచ్చదే తీసుకోవాల్సిందేమో."

జగన్మోహన్ రెండు చేతులతో పిడి పట్టుకున్నాడు. "దీన్ని వాపసు ఇచ్చావంటే జన్మలో నీతో మాట్లాడను," అన్నాడు.