రాని రొడ్డచెయ్యి

ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా, కేవలం నా పరిజ్ఞానంతో ఒక బాక్సర్‌ను చిత్తుగా ఓడించిన వైనం ఇది. నవ్వదలచుకున్నవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.

కొన్నేళ్ల కిందట కర్నూలులో ఒక పత్రికకు క్రీడావార్తలు రాసేవాణ్ణి. దక్షిణాది మహిళల బాక్సింగ్ టైటిల్ పోటీ బళ్లారిలో జరిగింది. ఆ ఊరి పల్లవి టైటిల్ నిలబెట్టుకుంది. నేను వెళ్లలేదు. ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టిన వీడియోను మరునాడు ఫోన్లో చూశాను. ఫోన్ తెర పగిలి, పల్లవి ముఖం మీద గండికోట లోయలా ఒక చీలిక. విశ్లేషణకు అది అడ్డు రాలేదు. "పల్లవి కుడిచేత్తో దూరం కొలుస్తుంది, ఎడమచేత్తో తీర్పు చెబుతుంది" అంటూ అర పేజీ నింపాను. ఓడినమ్మాయి అడుగు తప్పన్నాను, చేతుల కాపుదల తప్పన్నాను, ఊపిరి పీల్చడం కూడా తప్పన్నాను. చదివేవారికి ఒక మనవి: అప్పటికి నా చేతికి చిక్కి చచ్చిన దోమ లేదు.

పేపరు వచ్చిన రోజే మహబూబ్ బాషా ఆఫీసుకు వచ్చాడు. కల్లూరులో ఒక రేకుల షెడ్డులో బాక్సింగ్ నేర్పే మాస్టరు.

"శానా బాగా రాసినారు సార్. కడపలో మన కరుణకి ఆయమ్మతోనే పోటీ ఉండాది. గెలిస్తే దేశం జట్టు క్యాంపుకు పిలుస్తారు. ఈ తూరి తప్పితే ఇంగ ఆ క్యాంపు లేదు. నేను ఆ ఫైటు చూడల్యా. ఆయమ్మది రొడ్డచెయ్యని మీరు రాస్తేనే తెలిసె. మా పాపకు రోంత మీరే చెప్పాల."

రొడ్డచెయ్యి అంటే మా సీమలో ఎడమచేతి వాటం.

"నేనొచ్చి చెప్తాలే బాషా," అన్నాను. అడిగిన సలహా ఏ విలేకరైనా కాదంటే ఒట్టు.

కరుణ చర్చిలో పాటలు పాడే నెమ్మదైన పిల్ల. గ్లౌజులు తొడిగితే మాత్రం షెడ్డు రేకులు అదిరేవి. ఆ పిల్లను కూర్చోబెట్టి యుద్ధనీతి బోధించాను. "రొడ్డచేతి వాళ్ల ముందర ఎప్పుడూ నీ ఎడమకే జరగాలమ్మా. ఆయమ్మ పెద్ద దెబ్బ నీ కుడిపక్క గాల్లో పోతుంది."

బాషా ఊరంతా గాలించి రొడ్డచేతి పరోటా మాస్టరును పట్టుకొచ్చి సాధనకు ఎదురు నిలబెట్టాడు. కరుణ ఎడమకు జరిగీ జరిగీ చివరికి ఒకరోజు అంది: "నిద్దర్లో గూడా ఎడమకే పోతాండా సార్. రాత్రి మంచం మీంచి పడినా."

"అదీ సాధన అంటే," అన్నాను గర్వంగా.

కడపలో పోటీ రోజున కరుణ మూల వెనకే విలేకరుల బల్ల. పల్లవి రింగులోకి వచ్చి ఎడమకాలు ముందుకు పెట్టి నిలబడింది. కుడిచేతి వాళ్లు నిలబడే తీరు అది. నా గుండె జారిపోవాలి. జారలేదు.

"సార్, ఈయమ్మ కుడిచేతి మనిషి మాదిరి ఉండాదే," అన్నాడు బాషా.

"అదే ఎత్తు బాషా. గొప్పవాళ్లు ముందు ఎర వేస్తారు."

గంట మోగింది. నేర్పిన పాఠం తప్పకుండా కరుణ ఎడమకు జరిగింది, తిన్నగా పల్లవి కుడి పిడికిలిలోకి. మళ్లీ జరిగింది. మళ్లీ అదే. దెబ్బ వచ్చే చోటికి దెబ్బకంటే ముందే చేరుకుంటోంది.

"ఎర తింటాండేది మన పాపే గదా సార్," అన్నాడు బాషా.

విరామంలో కరుణ స్టూలు మీద కూలబడింది. "సార్, ఆ రొడ్డచెయ్యి ఎప్పుడొస్తాది? నేను దానికోసరమే కాచుకోనుండా."

"వస్తాదమ్మా. కాచుకో."

ఆ తర్వాతి రౌండ్లోనూ రాలేదు. నా పక్కన బళ్లారి విలేకరి ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఫోన్ తీసి వీడియో చూపించాను. "చూడండి సార్, ఎడమచెయ్యి కాదా ఇది?"

ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. "వెనక బ్యానరు మీద ఇవేం అక్షరాలు?"

"మీ కన్నడమే గదా."

"కన్నడం కాదండి. కన్నడాన్ని అద్దంలో చూస్తే ఇట్లుంటాది."

వీడియో దొంగిలించినవాడు పట్టుబడకుండా ఉండాలని కుడి ఎడమలు తిప్పి పెట్టాడు. అచ్చుతప్పులు పట్టి బతికేవాణ్ణి నేను. కానీ మంత్రాలయం దారిలో, కన్నడ బోర్డుల మధ్య పెరిగాను. మన అక్షరంలా ఉండి మనది కానిది ఏది కనపడినా కన్నడమని గౌరవంగా వదిలేయడం మా వైపు అలవాటు.

చివరి విరామంలో మూలకు పరుగెత్తాను. "అమ్మా, అంతా తిరగేయాల. కుడికి పో."

కరుణ లేచి తాడు పట్టుకుని నా వైపు తిరిగింది. చెవుల్లో హోరు. "యాడికి సార్?"

కుడిచెయ్యి చాచి చూపించాను. ఎదురుగా నిలబడిన ఆ పిల్లకు అది ఎడమ.

"నేను పోతాండేది ఆ పక్కకే గదా సార్," అంది. ఈలోగా గంట మోగింది. విశ్వాసంగా ఆ పక్కకే వెళ్లింది.

రిఫరీ పల్లవి చెయ్యి ఎత్తాడు. ఏ చెయ్యో నేను చూడలేదు.

తిరుగు ప్రయాణంలో జీపులో ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త ఊపిరాడేది. కరుణ ఎడమకన్ను మూసుకుపోయింది. క్యాంపు మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. కాసేపటికి ఆ పిల్లే నన్ను ఓదార్చింది. "అంతా సరిగ్గానే చెప్పినారులే సార్. చెయ్యొక్కటే తప్పు."

ఆఫీసు నుంచి ఫోన్. ఎడిటర్ గొంతు జీపంతా వినబడుతోంది. "మన అమ్మాయి ఎందుకు ఓడిందయ్యా?"

"తప్పుడు సలహా సార్."

"ఎవరిచ్చారు? పేరుతో సహా రాయి. జిల్లా పరువు పోయింది."

కరుణ మిగిలిన ఒక్క కంటితో నన్ను చూస్తోంది. బాషా కిటికీలోంచి బీడు భూములను చూస్తున్నాడు.

"విశ్వసనీయ వర్గాలు సార్," అన్నాను.

కరుణకు నవ్వొచ్చింది. నవ్వితే దవడ నొప్పి. దవడ పట్టుకునే నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది.

ఆ జీపులోనే శపథం పట్టాను. ఇకపై ఏ బాక్సర్ నైపుణ్యాన్నీ, ఎత్తుగడనూ ఈ నోట అంచనా వేయను. టైటిల్ పోటీ గురించి ఎవరైనా అడిగితే గెలిచిందెవరో మటుకు చెబుతాను. అదీ ఇంకొకరిని అడిగి కనుక్కున్నాక.