ఆఖరుగా, తండ్రీ...

సోంబరు తాతకి ప్రార్థన మొదలుపెట్టడం వచ్చు. ముగించడం రాదు.

పనసగొందిలో ఈ సంగతి తెలియని మనిషి లేడు. మేకలకి కూడా తెలుసంటే నమ్మండి. ఆయన లేచి, చేతులు కట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని "పరిశుద్ధుడవైన తండ్రీ" అన్నాడంటే, ఆడవాళ్ళు ఇంటికెళ్ళి సామలు ఎసట్లో పోసి రావచ్చు. "ఆఖరుగా, తండ్రీ" అనగానే కొత్తవాళ్ళు హమ్మయ్య అనుకుంటారు. పాతవాళ్ళు కాలు మార్చుకుని నిలబడతారు. ఆ మాట ఆయనకి సగం దారిలో వచ్చే మజిలీ మాత్రమే.

భీముడు కొత్త జీపు కొని ప్రార్థన చేయించుకున్నాడు. తాత ముందు బంపరు దగ్గర మొదలుపెట్టి, లైట్లు, హారను, స్టీరింగు ఒక్కొక్కటే తండ్రి చేతుల్లో పెట్టుకుంటూ వెనక్కి నడిచాడు. ఎక్కి కూర్చున్న జనం దిగిపోయి, ఇంకో జీపులో చింతపల్లి వెళ్ళి, సంత చేసుకుని తిరిగొచ్చేసరికి స్టెప్నీ టైరు దగ్గరున్నాడు.

"బేగి కానీ తాతా, జీపు పాతదైపోతంది!" అన్నాడు భీముడు.

"ఆఖరుగా, తండ్రీ..." అన్నాడు తాత.

ఆ ఊరి పిల్ల బేబి ఈయన ప్రార్థనల్లోనే పెరిగింది. చిన్నప్పుడు ఇంటి అరుగు మీద మామ్మ ఒళ్ళో తల పెట్టుకుని వింటుంటే, తాత గొంతు ఎక్కడో మంచులోంచి వచ్చేది. తండ్రీ, ఆ మలుపులో సిల్వర్ ఓక్ చెట్టుకి మిరియాల తీగ జారిపోతోంది, పట్టుకో. తండ్రీ, పక్కింటి రత్నాలు మేక కుంటుతోంది, చూసుకో. తండ్రీ, ఆ గట్టు అవతల ఏ ఊరుందో నాకు తెలీదు, నీకు తెలుసు కదా, వాళ్ళనీ చూసుకో. వింటూ వింటూ బేబికి కళ్ళు బరువెక్కేవి. కొండలు ఒకదాని వెనక ఒకటి లేచి, మంచు దులుపుకుని, ప్రార్థనకి వచ్చి కూర్చున్నట్టుండేది. పట్నం డాక్టరు ఇచ్చిన మాత్రకి పట్టని నిద్ర రత్నాలుకి తాత ప్రార్థనలో పట్టేదంటే మరి చూసుకోండి.

ఊళ్ళో ప్రార్థన చేసే చోట్లు రెండు. గట్టు మీద పాత మిషను చర్చి, వాగు పక్కన కొత్త మందిరం. చర్చివాళ్ళు క్రిస్మస్‌కి ఆవరణలో థింసా ఆడతారు. కొత్త మామిడి పండగకి ఊరందరితో పాటు కూర్చుని తొలికాయ తింటారు. "దేవుడు ఈ కొండకి మనకంటే ముందే వచ్చీసినాడు కదా, మనం కొత్తగా తెచ్చిందేటి?" అంటారు. మందిరంవాళ్ళకి అది గిట్టదు. వాళ్ళ పాస్టరు ప్రసన్నకుమార్ గారు మైదానం నుంచి వచ్చినాయన. ఆయన లెక్కలో దేవుడిది కానిదల్లా లోకమే. థింసా లోకం, డప్పు లోకం, పూసలు లోకం, జడలో పువ్వు లోకం. ప్రార్థనలో కళ్ళు తెరవడమైతే లోకంలోకెల్లా పెద్ద లోకం!

చెడ్డవాడేమీ కాదు సుమండీ. ఎవరికి జ్వరమొచ్చినా తన బండి మీద ఆసుపత్రికి దింపేది ఆయనే. కానీ వాక్యం దగ్గర వెంట్రుకవాసి జరగడు. చర్చివాళ్ళు మందిరంవాళ్ళని "మొహం మాడ్చుకునే భక్తులు" అనేవారు. మందిరంవాళ్ళు చర్చివాళ్ళని "సగం విశ్వాసులు" అనేవారు. ఒకరి మారుమనస్సు కోసం ఒకరు ఉపవాసాలు కూడా ఉండేవారు. పాపం, రెండు వైపులా కడుపులు మాడడమే తప్ప ఎవరూ మారలేదు.

ఇలాంటి ఊళ్ళో చర్చి గుంట బేబి, మందిరం గుంటడు ప్రవీణ్ ఒకరినొకరు ఇష్టపడ్డారు. కాఫీ పళ్ళు కోసే రోజుల్లో మొదలైంది, కాఫీ పూతకి పెళ్ళి దాకా వచ్చింది. పెళ్ళి మందిరంలోనే జరగాలని ప్రవీణ్ ఇంటివాళ్ళు పట్టుబట్టారు. బేబి సరేనంది. చిక్కల్లా మామ్మతో వచ్చింది.

తల్లి పోయాక బేబిని పెంచింది మామ్మ యర్రమ్మే. ఆవిడ చర్చికీ వెళ్ళదు, మందిరానికీ వెళ్ళదు, కొండ మీద అమ్మవారికే దండం పెడుతుంది. వాళ్ళింట్లో ఆడపిల్ల తాళికి మెడ వంచే ముందు ఇంటి ముసలమ్మ వచ్చి నుదుట తడిబియ్యం అద్ది, మెడలో ఎర్రపూసల దండ వేసి, చెవిలో ఏడు తరాల ఆడవాళ్ళ పేర్లు చెప్పాలి. చెప్పాకే పిల్ల ఆ ఇంటి నుంచి కదులుతుంది.

"తడిబియ్యం వద్దమ్మా. పూసలు వద్దు. చనిపోయినవాళ్ళ పేర్లు మందిరంలో అసలే వద్దు," అన్నారు ప్రసన్నకుమార్ గారు. "మీ మామ్మగారు వచ్చి కూర్చోవచ్చు. నేనే కుర్చీ వేస్తాను."

"కుర్చీ మాయింట్లోనూ ఉన్నాది," అంది యర్రమ్మ. "నా గుంటకి నా సెయ్యి అక్కర్నేకపోతే నానేటికి రావడం? బయటే ఉంటాను."

బేబి ఆ రోజంతా ఏడ్చింది. సాయంత్రం ప్రవీణ్‌ని పిలిచి తెగేసి చెప్పింది. "అయ్యగారు 'ఇష్టమేనా' అని అడుగుతాడు కదా? అప్పటికి మామ్మ సెయ్యి నా తల మీద పడకపోతే నాను నోరిప్పను. పెళ్ళి ఆగిపోనీ."

"నన్నేటి సెయ్యమంటావే?" అన్నాడు ప్రవీణ్ బిక్కమొహం వేసి. పాపం, ఆ మొహంతో అతను పాస్టరు గారినీ బతిమాలాడు, యర్రమ్మనీ బతిమాలాడు. ఇద్దరూ కదల్లేదు.

చివరికి సోంబరు తాత మధ్యవర్తిగా వెళ్ళాడు. ఊళ్ళో తొలి బాప్తిస్మం ఆయనదే కాబట్టి మందిరంవాళ్ళు కూడా లేచి నిలబడతారు. ఆయన బేబి కష్టం చెబుతాడనుకుంటే, తన కోసం అడుక్కుని వచ్చాడు! పెళ్ళిలో ఆయన ఒక ప్రార్థన చేసుకోవచ్చట. ప్రసన్నకుమార్ గారు చేతి గడియారం చూపించి, రెండే రెండు నిమిషాలని మాట తీసుకున్నారట.

"ఏటి తాతా, నా బతుకు ఇలాగుంటే నీ పిచ్చి నీదేనా? మామ్మ సంగతి అడగనేదేటి?" అని బేబి విరుచుకుపడింది.

"అడుగుతాన్లేవే గుంటా. ప్రార్థనలో అడుగుతాను," అన్నాడు తాత. బేబికి ఒళ్ళు మండిపోయింది.

పెళ్ళినాడు పొద్దున్నే మంచు విడిచింది. చుట్టూ కాఫీ తోటలన్నీ తెల్లగా పూసి, ఆ వాసన మందిరం కిటికీల్లోంచి లోపలికొచ్చి బెంచీల మీద జనంతో పాటు కూర్చుంది. కుడివైపు మందిరంవాళ్ళు, ఎడమవైపు చర్చివాళ్ళు, మధ్యలో తెల్ల ముసుగులో బేబి. వెనక తలుపు అవతల, కంచె దగ్గర, మామ్మ నిలబడి ఉంది. బేబి అటే చూస్తోంది. పెదాలు బిగించేసుకుంది. ప్రవీణ్ ఆ పెదాలు చూసి చెమటలు కక్కుతున్నాడు.

"పెద్దాయన ప్రార్థన చేస్తారు. అందరూ తలలు వంచండి. కళ్ళు మూయండి," అన్నారు ప్రసన్నకుమార్ గారు.

తాత మొదలుపెట్టాడు. అరకులో రైలు దగ్గర ఎత్తుకున్నాడు. సొరంగంలో చీకటి కోసం, సొరంగం దాటిన వెలుగు కోసం వందనాలు చెప్పాడు. అక్కడి నుంచి కొండ కొండకీ దిగుతూ, ప్రతి వాగు దగ్గరా ఆగి నీళ్ళు తాగుతూ చింతపల్లి చేరాడు. రెండు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. తేనెటీగలు కిటికీలో రొద చేస్తున్నాయి. జనం మెల్లగా ఊగుతున్నారు. రత్నాలు అప్పుడే గుర్రు పెట్టింది. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే బేబికి తను ఎక్కడుందో తెలియలేదు. మళ్ళీ చిన్నపిల్లయి మంచులో నడుస్తున్నట్టుంది.

నుదుటికి చల్లగా తగిలింది. తడిబియ్యం!

కళ్ళు తెరిచింది. ఎదురుగా మామ్మ! ముసుగు కొంచెం ఎత్తి ఎర్రపూసలు మెడలో వేసింది. చెయ్యి తల మీద పెట్టి, చెవిలో నెమ్మదిగా పేర్లు మొదలుపెట్టింది. మామ్మ వెనక సోంబరు తాత గుమ్మానికి వీపు పెట్టి, కళ్ళు మూసుకుని కొండలు కదిలేలా ప్రార్థిస్తున్నాడు. వీపు వెనక ఒక చెయ్యి మాత్రం ఇంకా "రా, రా" అని పిలుస్తూనే ఉంది. ఓలమ్మా, ఈ ముసలాడు! బేబికి ఒక్కసారిగా నవ్వూ ఏడుపూ తన్నుకొచ్చాయి.

మామ్మ నాలుగో పేరు చెబుతుండగా బేబి తల తిప్పింది. ప్రసన్నకుమార్ గారి కళ్ళు తెరిచి ఉన్నాయి.

గడియారం చూసుకుందామని తెరిచారో ఏమో, ఇప్పుడు గడియారం చూడటం లేదు. మామ్మ చేతినీ, ఎర్రపూసలనీ, బేబి కళ్ళనీ చూస్తున్నారు. బేబి పూసలని గుప్పెట్లో పట్టుకుంది. సరిగ్గా అప్పుడే, ప్రార్థన కొయ్యూరు చేరేసరికి, తాతకి దగ్గొచ్చింది. పాపం, ముసలి ప్రాణం, ఎంతకని లాగుతుంది? దగ్గీ దగ్గీ గొంతు పూడిపోయింది. "యేసు నామమున అడిగి..." అని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నిజంగానే ముగించబోయాడు. జనం ఆమెన్‌కి నోళ్ళు తెరిచారు. మామ్మ ఇంకా అయిదో పేరు దగ్గరే ఉంది.

ప్రసన్నకుమార్ గారు కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

"పెద్దయ్యా!" అన్నారు మందిరమంతా వినబడేలా. "కొయ్యూరులోనే ఆపేశారేమిటి? సీలేరు కోసం ఎవరు ప్రార్థిస్తారు?"

ఇంకాస్త చెయ్యమని సోంబరు తాతని అడిగిన మనిషి ఈ భూమ్మీద అంతవరకూ పుట్టలేదు. తాత గొంతు ఒక్కసారిగా తేరుకుంది. "అవును తండ్రీ, సీలేరు!" అని బయల్దేరాడు. కరెంటు తయారయ్యే మర కోసం, ఆ నీళ్ళ కోసం, కాలనీలో ఒక్కొక్క దీపస్తంభం కోసం ప్రార్థించాడు. మామ్మ ఏడో పేరు చెప్పి, మనవరాలి బుగ్గ నిమిరి, నొప్పుల మోకాళ్ళతో తలుపు దాకా నడిచి, గడప దాటి, కంచె దగ్గరికి చేరేదాకా ప్రార్థించాడు.

ఆమెన్ అన్నాక అందరూ కళ్ళు నులుముకున్నారు. "ఈ వివాహం నీకు ఇష్టమేనా అమ్మా?" అని అడిగారు ప్రసన్నకుమార్ గారు.

"ఇష్టమే!" అని బేబి అరిచిన అరుపుకి తేనెటీగలు కిటికీ వదిలి పారిపోయాయి.

చర్చి ఆవరణలో భోజనాల దగ్గర బేబి ఈ సంగతి రత్నాలు చెవిలో వేసింది. "నీకిప్పుడా తెలిసింది?" అంది రత్నాలు. "మాయింటాయన ఒకపాలి తాగొచ్చి చర్చిలో తూలతన్నాడు. తాత ప్రార్థన ఎత్తుకున్నాడు. ఆణ్ణి ఇంటికి లాక్కెళ్ళి, పడుకోబెట్టి, తిరిగొచ్చి నిలబడ్డాను. తాత ఇంకా ఆఖరుగా తండ్రీ అంతన్నాడు. ఎవులూ సూడనేదు."

బేబి ఉండబట్టలేక తాత దగ్గరికెళ్ళింది. "జనం కళ్ళు మూయించడానికేనా తాతా ఇన్నాళ్ళూ?"

"నాకేటి తెలుస్తాదే? నాను కూడా మూసుకునే ఉంటాను కదా," అన్నాడు తాత, పులుసు వేళ్ళు నాక్కుంటూ.

ఇంతలో ఆవరణలో డప్పు మోగింది. ఆడవాళ్ళు చేతులు కలిపి వరస కట్టారు, యర్రమ్మ ముందుంది. మందిరంవాళ్ళు ముద్ద నోట్లో పెట్టుకోకుండా పాస్టరు గారి వైపు చూశారు. ఆయన చెయ్యి కడుక్కుని, బల్ల మీద మోచేతులు ఆనించి, "అన్నం పెట్టిన తండ్రికి ప్రార్థన చేద్దాం" అని కళ్ళు మూసుకున్నారు. రెండు ముక్కల్లో చెప్పి ఆమెన్ అన్నారు. అందరూ కళ్ళు తెరిచారు. ఆయన తెరవలేదు.

డప్పు జోరందుకుంది. బేబి ముసుగు నడుముకి చుట్టుకుని వరసలో దూరింది. వెనకే ప్రవీణ్, ఆ వెనక మందిరంవాళ్ళు ఇద్దరు ముగ్గురు మెల్లగా లేచారు.

"అయ్యగారూ, ఆమెన్ అయిపోనాది," అన్నాడు భీముడు ఆయన భుజం తట్టి.

"మీది అయింది నాయనా," అన్నారు ప్రసన్నకుమార్ గారు కళ్ళు తెరవకుండానే. "నాది ఇంకా చాలా ఉంది."