తయారు పేరాలో పోయిన దారి

పదవీ విరమణకు రెండేళ్ల ముందు నన్ను నరసన్నపేట దగ్గరి ఒక ఊళ్లో సబ్ రిజిస్ట్రారుగా వేశారు. దస్తావేజులో ఏం రాశారన్నది సాధారణంగా మేం పట్టించుకోం. రాసిచ్చినవాళ్లు మా ఎదుట ‘అవును, మేమే రాసిచ్చాం’ అని ఒప్పుకుంటే వేలిముద్రలు తీసుకుని నమోదు చేస్తాం. రాసే పని బయట కంప్యూటర్లు పెట్టుకుని కూర్చున్న లేఖరులది.

వాళ్లలో సింహాచలం అనే ఆయనకు గిరాకీ ఎక్కువ. రోజూ వాడే పేరాలన్నీ కంప్యూటర్లో దాచుకున్నాడు. రెండక్షరాలు కొడితే పేరా మొదలు ఒక చిన్న పెట్టెలో కనిపిస్తుంది, ఎంటర్ నొక్కితే మొత్తం దిగిపోతుంది. ఈ సదుపాయం కనిపెట్టిన మహానుభావుడు మా దస్తావేజులు ఎప్పుడూ చూసి ఉండడు. ‘పై షెడ్యూలు భూమికి రాకపోకల దారి విషయమై ఉభయులూ అంగీకరించినదేమనగా’ అన్నంతవరకు దారి ఇచ్చే పేరా, ఇవ్వని పేరా ఒక్కటే. పెట్టెలో కనిపించేదీ అంతవరకే.

ఒకరోజు అప్పలనర్సమ్మ, ఆమె చెల్లెలు పైడమ్మ తండ్రి వరిపొలం పంచుకున్న దస్తావేజుతో వచ్చారు. రోడ్డు వైపు ముక్క అక్కకు, వెనక ముక్క చెల్లెలికి. ఇద్దరికీ చదువు రాదు. చదివి వినిపించారా అని పైడమ్మను అడిగాను.

“నేదండి. సదివి ఇనిపించినట్టు అందులోనే రాసున్నాదంట కదా,” అంది.

ఒళ్లు మండింది. ఆ చివరి వాక్యం కూడా తయారు సరుకే. ‘చదివి వినిపించగా విని, సమ్మతించి’ అని ప్రతి కాగితం అడుగునా దానంతటదే దిగుతోంది. సింహాచలాన్ని పిలిపించి నా ఎదుటే చదవమన్నాను. దారి పేరా దగ్గర ఆయన గొంతు తగ్గింది. అక్క ముక్కలోంచి నడవడానికి చెల్లెలికి ఎలాంటి హక్కూ లేదని ఉంది అందులో.

పైడమ్మ మొహం పాలిపోయింది. అప్పలనర్సమ్మ మాత్రం లేఖరి మీదికి లేచింది.

“ఏటి బాబూ ఇది? దారి నేకపోతే నా సెల్లి నాగలి నెత్తినెట్టుకుని ఎగిరెల్తాదేటి?”

నమోదయ్యాక ఇది బయటపడితే సవరణ దస్తావేజు రాయాలి. దానికి అక్క మళ్లీ వచ్చి వేలిముద్ర వేయాలి. ఈ అక్క వేస్తుంది. రేపు ఆమె వారసులు వేస్తారని ఎవరు చెప్పగలరు? పొలం ఉండీ పైడమ్మ అందులో అడుగుపెట్టలేకపోయేది.

సింహాచలం పరుగున వెళ్లి సరిచేసి తెచ్చాడు. చదివిస్తే మళ్లీ అదే పేరా. కొత్త పేరాను పాత పేరుతో దాచబోతే, పాతదాన్ని మార్చేయాలా అని కంప్యూటరు ఇంగ్లీషులో అడిగిందట. ఏమడిగినా వద్దని నొక్కడం ఆయన అలవాటు. దాంతో కొత్తది దాగలేదు, ఆ పేరు కొడితే పాతదే దిగింది.

“ఒద్దంటే ఏటీ పాడవదు కదండి,” అన్నాడు.

తల బాదుకోవాలనిపించింది. దాచిన పేరాల జోలికి పోకుండా, ఆ నాలుగు వాక్యాలూ మొదటినుంచి టైపు చేసి తెమ్మన్నాను. మూడో ప్రతి చదవడం అయ్యాక పైడమ్మను మళ్లీ అడిగాను.

“ఇన్నానండి. దారి ఉన్నాది,” అని అప్పుడు వేలు చాపింది.

ఆ తర్వాత నేనున్నంతకాలం ఆ చివరి వాక్యాన్ని అచ్చులో రానివ్వలేదు. ఆ చోటు ఖాళీగా వదిలి, పార్టీల ఎదుట చదివాకే పెన్నుతో రాయమన్నాను. లేఖరులు నన్ను తిట్టుకున్నారు. తిట్టుకోనిచ్చాను. ఎవరూ చదవకముందే చదివామని చెప్పే వాక్యం కంటే ఖాళీ చోటు నయం.